చక్రాలకి తెలిసిన మలుపు

కిందటి వారం మనం చక్రాలమ్మను బస్సు డిపో కంట్రోల్ గదిలో, తెర ముందు, చేతిలో చల్లారిపోయిన టీ కప్పుతో వదిలి వచ్చాం. బయట ఎండ మండిపోతోంది. కొండ మీద కూడా వాన చినుకు లేదు. అయినా కొత్త కొండ రోడ్డు ఎక్కిన పొద్దుటి బస్సు చక్రాలు ఒకచోట తడినేల మీద నడిచినట్టు జారాయని తెర చూపించింది. "మీ డబ్బాకి వడదెబ్బ తగిలింది మేడమ్, కాసేపు కట్టేసి నీడలో పెట్టండి" అని డిపో మేనేజరు నవ్వాడు. ఆమె కట్టలేదు. రెండో బస్సు కోసం కాచుకుని కూర్చుంది. రెండో బస్సు కూడా అక్కడే జారింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం ఒక్క మాట. చక్రాలమ్మ అన్నది డ్రైవర్లు పెట్టిన పేరు. చదువుకున్నది బ్రేకుల ఇంజనీరింగు. డిపోకి వచ్చిన కొత్తలో ఎప్పుడు చూసినా ఏదో ఒక బస్సు చక్రం పక్కన గొంతుక్కూర్చుని కనబడేది, అందుకని ఆ పేరు. బస్సు బ్రేకులు బిగుసుకుపోకుండా ఉండటానికి ప్రతి చక్రం దగ్గరా అంచున పళ్లున్న ఒక ఇనుప వలయం, ఆ పళ్లను లెక్కపెట్టే ఒక చిన్న బిళ్ల ఎలాగూ ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అవి చెబుతాయి. ఆ వేగంలోనే రోడ్డు సంగతి కూడా దాగి ఉంటుందని నమ్మి, దాన్ని చదివే డబ్బా ఒకటి తయారుచేసి, కొండ రోడ్డు బస్సులకు బిగించింది ఆమె. ఎక్కేటప్పుడు ఇంజను తోసే వెనక చక్రాలు, ఊరికే దొర్లే ముందు చక్రాల కంటే రవ్వంత ఎక్కువ తిరుగుతాయి. పొడి తారు మీద ఆ తేడా ఉన్నట్టే ఉండదు. నేల పట్టు తగ్గితే తేడా పెరుగుతుంది. గుంట తగిలితే ముందు చక్రం వేగం ఒకసారి వణుకుతుంది, ఆ వెంటనే అదే చోట వెనక చక్రం వణుకుతుంది. కెమెరా అక్కర్లేదు, కళ్లక్కర్లేదు.

"చెప్పులో రాయి పడితే వంగి చూడాలా ఏంటి, కాలికి తెలీదూ? నీ చదువంతా ఇంతే కదమ్మా" అని తేల్చేశాడు ఒకసారి బాబాయి. బాబాయి అంటే డిపోలో అందరికంటే పెద్ద డ్రైవరు. మేనేజరుతో సహా అందరికీ బాబాయే.

ఇప్పుడు కంట్రోల్ గది తలుపు తోసుకుని వచ్చింది కూడా ఆ బాబాయే. కొండ ఎక్కి దిగి, మొహం కడుక్కుని, తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు. మళ్లీ ఎక్కాల్సిన బస్సు బయట సిద్ధంగా ఉంది.

"బాబాయ్, ఒక్క నిమిషం. జడమలుపు దగ్గర ఏమైనా తగిలిందా?" అని అడిగింది.

కొండ నడుమ రోడ్డు జడపాయలా మెలిక తిరిగే చోటుని డ్రైవర్లు జడమలుపు అంటారు. ఒకవైపు కొండని నిలువునా చెక్కిన గోడ. రెండో వైపు లోయ.

బాబాయి తుండు భుజాన వేసుకున్నాడు. "తగిలిందంటే తగిలింది. లోయవైపు చక్రం మెత్తగా దిగినట్టయింది. కొత్త పరుపు మీద కూర్చుంటే దిగుతుందే, అలాగ. కొత్త రోడ్డు కదా, సర్దుకుంటోందిలే అనుకున్నా."

"నిన్న ఉందా?"

"నిన్న..." అని ఆగాడు. "లేదమ్మా. నిన్న లేదు."

ఆమె టీ కప్పు పక్కన పెట్టి, పొద్దుటినుంచి ఎక్కిన బస్సులు, దిగిన బస్సులు, అన్నిటి చక్రాల జాడలూ ఒకే బొమ్మ మీద పరిచింది. ఎక్కే బస్సుల చక్రాలు ఒకచోట వణికాయి, దిగేవాటివి ఇంకోచోట. కొండవైపు చక్రాలు కాస్త పైన, లోయవైపు చక్రాలు కాస్త కింద. ఒక్కో వణుకూ ఒక్కో చుక్క. విడివిడిగా చూస్తే ఏ చుక్కకీ అర్థం లేదు. అన్నీ ఒకచోట చేరాక, మలుపు మీద ఒక వంపు తేలింది. రెండు కొనలూ లోయవైపుకి తిరిగి ఉన్నాయి. నడుమ భాగం కొండవైపుకి ఉబ్బి ఉంది.

బాబాయి ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. "మైనం ముద్ద మీద గోరు గుచ్చినట్టుందేంటమ్మా అది?"

"అదే తెలీడం లేదు బాబాయ్. గుంటయితే ఒక చోట ఉంటుంది. జారుడయితే పరుచుకుని ఉంటుంది. ఇది గీసినట్టు ఉంది. పైగా పొద్దున ఇంత లేదు. పెరుగుతోంది."

ఆమె ఫోను మోగింది. అత్తగారు.

అత్తగారు ఈ నెలంతా కొండ మీద ఊళ్లో, కూతురింట్లో ఉన్నారు. ఫోను ఎత్తగానే యోగక్షేమాలు అడిగే అలవాటు ఆవిడకి లేదు, మధ్యలోంచి మొదలుపెడతారు. "అదేనమ్మా, సంచీ సర్దేశాను. మధ్యాహ్నం బస్సుకి దిగుతున్నా. బాబాయి బండే కదూ? అతనైతే కుదపడు. నా మోకాళ్లు నా మాట వింటాయి."

"ఇవాళే ఎందుకు అత్తయ్యా? ఇంకో రెండ్రోజులు ఉండకూడదూ?"

అటువైపు గొంతు తగ్గింది. "ఏమ్మా, మీ ఇద్దరూ ఏమైనా మాటా మాటా అనుకున్నారా?"

"అయ్యో, అదేం లేదత్తయ్యా."

"మరి ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారేంటి? పొద్దున వాడూ ఇదే. 'అమ్మా, రావాలంటే పాత రోడ్డు బస్సుకే రా, కొత్త రోడ్డున రాకు' అని. పాత రోడ్డున వస్తే నా నడుం నాకు మిగుల్తుందా? వాడు వేసిన రోడ్డు మీద నన్ను వాడే రావద్దంటాడు. ఇదెక్కడి విడ్డూరం తల్లీ?"

చక్రాలమ్మ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ కొండ రోడ్డు ఆమె భర్త వేసిన రోడ్డు. ప్రారంభం రోజున మొదటి బస్సులో ముందు సీట్లో కూర్చుని వెళ్లినవాడు. ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడుకుని నిద్రపోయినవాడు. ఆ రోజు అలసట అనుకుంది. ఆ తర్వాత ఇన్నాళ్లుగా తెల్లారకముందే లేచి ఎక్కడికో వెళ్లి, బూట్లకి మట్టితో తిరిగొస్తుంటే కూడా అలసటే అనుకుంది.

"అత్తయ్యా, నా మాట వినండి. ఆ బస్సు ఎక్కకండి. ఎందుకో తర్వాత చెప్తాను."

"సరే, చూస్తాలే" అని అత్తగారు పెట్టేశారు. ఆవిడ చూస్తాలే అన్నారంటే చూడరనే. మళ్లీ చేస్తే లైను కలవలేదు. కొండ మీద ఫోను ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు పలకదో ఎవరూ చెప్పలేరు.

ఆమె మేనేజరు గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది. కొండ రోడ్డు బస్సులన్నీ ఆపమంది. మేనేజరు చెడ్డవాడు కాదు. పిల్లికి కూడా దారి వదిలి పక్కకి జరిగే మనిషి. ఆ భయమే ఇప్పుడు అడ్డం వచ్చింది.

"జారిందన్నారు, వణికిందన్నారు, ఇప్పుడేమో వంపు అంటున్నారు. పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను మేడమ్? గోరు గుర్తు అని చెప్పనా?" అని నుదురు రుద్దుకున్నాడు. "నేను ఆపితే నా మెడకి చుట్టుకుంటుంది. రోడ్డువాళ్లు ఆపమంటే ఎవరి మెడకీ చుట్టుకోదు. మీవారు ఒక్క ఫోను కొడితే అయిపోయేదానికి... ఇంట్లో పనే కదండీ."

బయట బాబాయి బస్సు స్టార్టయింది. ఆమె పరుగున వెళ్లి కిటికీ కింద నిలబడింది.

"బాబాయ్, ఈ ట్రిప్పు ఆగకూడదూ?"

"పైన జనం ఎండలో నిలబడి ఉంటారమ్మా. నువ్వు ఆపించు, నేను ఆగిపోతా. అంతదాకా డ్యూటీ." ఆమె మొహం చూసి గొంతు మార్చాడు. "మలుపు దగ్గర కొండవైపుకి ఆనుకుని పోతాలే. భయపడకు."

"పైన మా అత్తయ్య ఉంటారు. ఎక్కించుకోకు."

"ఆవిడకి నేను చెప్పాలా? నన్ను దింపేసి బండి తనే నడుపుకుంటూ వచ్చేస్తుంది" అని నవ్వి, గేరు వేశాడు.

భర్త ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆమె తెర ఉన్న పలకని చంకలో పెట్టుకుని, డిపో జీపు తాళాలు తీసుకుంది.

*

కొండ మొదట్లో ఉన్న సైటు ఆఫీసు ఒక రేకుల గది. కిటికీకి తడి గుడ్డ కట్టి ఉంది. గోడ మేకులకి ఇనుప టోపీలు, మూలన మూడు కాళ్ల మీద కొలత దుర్భిణి. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా, రోడ్డులోంచి గుండ్రంగా తొలిచి తీసిన తారు దిమ్మలు పెట్టి ఉన్నాయి. అతను ఒక్కడే ఉన్నాడు. ఫోను బల్ల మీదే ఉంది. మోగుతుంటే చూస్తూనే కూర్చున్నాడని ఆమెకి అర్థమైంది.

"ఇంత ఎండలో వచ్చావేంటి?" అన్నాడు.

ఆమె పలకని అతని ముందు పెట్టింది. జడమలుపు బొమ్మ, దాని మీద చుక్కల వంపు.

వచ్చే దారంతా ఆమె ఒక్కటే కోరుకుంది. ఇదేంటి అని అతను అడగాలని. అర్థం కాక కనుబొమలు ముడవాలని. నీ డబ్బా పాడైపోయింది అని వెక్కిరించినా సరే, సంతోషంగా పడేది.

అతను అడగలేదు. బొమ్మ చూశాడు. చూసి, వేలితో ఆ వంపు పక్కనే గాలిలో ఒకసారి గీశాడు, తెలిసిన దారిని గుర్తుచేసుకుంటున్నట్టు.

"అత్తయ్యని పాత రోడ్డున రమ్మన్నారట" అంది ఆమె.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఫ్యాను తిరుగుతోంది. తడి గుడ్డ నుంచి నీళ్లు ఒక్కో బొట్టే రేకుల మీద పడుతున్నాయి.

"చెప్పండి. ఈ గీత ఏంటి?"

"నేల విడిపోయే ముందు అలా గీత పడుతుంది" అన్నాడు నెమ్మదిగా. "కొండవాలులో ఒక ముక్క కిందికి జారాలనుకుంటే, ముందు దాని నెత్తిమీద నెలవంకలా చీలిక కనిపిస్తుంది. రెండు కొనలూ లోయవైపు. పుస్తకంలో మొదటి బొమ్మ అదే."

"మీకెప్పుడు తెలుసు?"

"చీలిక కనబడింది నిన్న సాయంత్రం. సన్నగా, వెంట్రుకంత. తారు కాచి పోసి పూడ్చాను."

అప్పుడు ఆమెకి పొద్దుటి జారుడు అర్థమైంది. కొత్తగా పోసిన తారు, పైన ఇసుక చల్లని తారు, ఎండకి కరిగి నూనెలా తేలింది. నల్ల రోడ్డు మీద నల్లటి గీత ఎవరి కంటికీ ఆనలేదు. దాని మీద కాలు పెట్టిన ప్రతి బస్సు చక్రమూ రవ్వంత ఎక్కువ తిరిగి, ఇక్కడ ఏదో పోశారని చెప్పింది. ఆమె డబ్బా తప్పు చెప్పలేదు. తన ఇంట్లో మనిషి కప్పిపెట్టినదాన్ని బయటపెట్టింది.

"పూడ్చి ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. రోజూ తెల్లారకముందే వెళ్లి గోడ చూసి వస్తున్నా." అతను తారు దిమ్మని చేత్తో అటూ ఇటూ దొర్లించాడు. "ఆ మలుపు కింద ఊట ఉంది. కొండ చెక్కినప్పుడే కనబడింది. నీళ్లు బయటికి పోవడానికి కింద తూము వేయాలి, గోడకి చిల్లులు వదలాలి. తూము గొట్టాలు ఇంకా రాలేదు. ఇంతలో ప్రారంభం ముందుకి జరిపారు. మా ఆఫీసు పెద్దాయన పిలిచి, 'తూము తర్వాత చూద్దాం, ముందు మట్టి నింపి రోడ్డు చూపించు' అన్నాడు. కాదన్నాను. రెండోసారి అన్నాడు. నింపాను. రోడ్డు బాగుందని రాసిచ్చిన సంతకం పెద్దాయనది కాదు, నాది."

"ఆ నీళ్లన్నీ..."

"లోపలే ఉన్నాయి. ఎటు పోవాలో తెలీక. వానల్లోపు రోడ్డు ఒకవైపు తవ్వి తూము వేసేద్దామనుకున్నాను. వానలు పడేదాకా ఏమీ కాదని లెక్కేశాను. లెక్క తప్పలేదు. పై ఊరివాళ్లు కొత్త చెరువు నింపుకున్నారు, ఆ నీరు దిగుతోంది. అది లెక్కలోకి రాలేదు."

అతని గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది. ఇన్నాళ్లుగా ఆమె పక్కనే పడుకుని కళ్లు తెరుచుకుని ఉన్న అలసట అది. ఇంకో రోజయితే జాలిపడేది.

"అత్తయ్యని మాత్రం వద్దన్నారు."

అతను దిమ్మ దొర్లిస్తూనే ఉన్నాడు.

"పొద్దున లేచి ఫోను చేసి మరీ వద్దన్నారు. ఆవిడ నడుం గురించి కాదు కదా? ఇది ఆగదని లోపల ఎక్కడో తెలుసు. తెలిసే చెప్పారు. ఆ బస్సులో పైనుంచి దిగేవాళ్లందరికీ మీలాంటి కొడుకు లేడు, పాత రోడ్డున రా అని చెప్పడానికి. వాళ్లకి ఎవరు చెప్పాలి? నువ్వు కాకపోతే ఎవరు చెప్పాలి?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. మాట జారలేదు, వెనక్కి తీసుకోలేదు. అతనికి కూడా అది తాకింది. దిమ్మ దొర్లించడం ఆపేశాడు.

"చెబితే నా పని పోతుందని కాదు" అన్నాడు. "జైల్లో పెడతారనీ కాదు. మన ఇంటికొచ్చి, మీ ఆయన ఏం చేశాడో తెలుసా అని నిన్ను అడుగుతారని. అది తలుచుకుంటే నోరు పెగల్లేదు."

"ఇప్పుడు నేనే అడుగుతున్నాను కదా. ఇంకేం మిగిలింది?"

అతను పలకని దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి నిజంగా చూశాడు, ఇంజనీరు చూసినట్టు. వేలు పెట్టి వంపు వెంట నడిపించాడు. కింది కొన నుంచి నడుమదాకా వెళ్లిన వేలు అక్కడే ఆగిపోయింది.

"నేను తారు పోసింది ఇక్కడిదాకానే" అన్నాడు. "ఈ పై ముక్క ఏంటి?"

"అక్కడ జారుడు లేదు. దిగుడు మాత్రమే. పొద్దున అసలు లేదు. రెండో బస్సు తర్వాత వచ్చింది. బాబాయి ఇందాక ఎక్కాడు, ఆ చుక్కలు చూడండి, ఇంకా పైకి పోయాయి."

అతను లేచాడు. ఫోను తీసుకుని డిపోకి చేశాడు. చాలా మామూలు గొంతుతో, తన పేరూ హోదా చెప్పి, "కొండ రోడ్డు మూసేయండి. ఇప్పుడే. కింద గేటు వేయండి. పైన స్టాండుకి చెప్పండి. కారణం నేనే రాసిస్తాను, బాధ్యత నాది" అన్నాడు. ఇంత చిన్న మాట. ఈ మాట కోసం ఇన్ని రోజులు పట్టింది.

మేనేజరు గొంతు ఆమెకి కూడా వినబడుతోంది. కింద గేటు వేయించేశానన్నాడు. పైన స్టాండుకి చేస్తున్నానన్నాడు. కాసేపు ఎవరితోనో మాట్లాడి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"సార్... బాబాయి బండి పైనుంచి బయల్దేరిపోయిందట. సీట్లన్నీ నిండి, నిలబడి కూడా ఉన్నారట."

*

బాబాయి ఫోను కండక్టరు సంచీలో ఉంటుంది. బండి నడిపేటప్పుడు ముట్టుకోకూడదని డిపో నియమం. కండక్టరు ఫోను పలకలేదు. అత్తగారి ఫోను పలకలేదు. సందేశం పెట్టింది. అత్తగారు సందేశాలు చదవరు, చదవాల్సింది ఉంటే మనిషి వచ్చి చెబుతాడని ఆవిడ నమ్మకం.

జీపు అతను నడిపాడు. ఆమె పక్కన కూర్చుని పలకని ఒళ్లో పెట్టుకుంది. కొండ మీద మాటకి సరిపోని సిగ్నలు, డబ్బా పంపే నాలుగు అంకెలకి సరిపోతుంది. అదే ఇప్పుడు నరకంగా ఉంది. బస్సు చక్రాలు తిరుగుతున్న చప్పుడు వినబడుతున్నట్టే ఉంది. ఆగమని చెప్పడానికి దారి లేదు.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇంజను పట్టి ఉంచే వెనక చక్రాలు ముందువాటి కంటే రవ్వంత తక్కువ తిరుగుతాయి. బాబాయి తొందరపడటం లేదు. ఒక్కో వంపు దగ్గరా ముందే వేగం తగ్గించి, సాఫీగా తిప్పుతున్నాడు. మోకాళ్ల నొప్పులున్న ఎవరో వెనక కూర్చున్నట్టు.

"ఎక్కడున్నాడు?" అన్నాడు అతను.

"పాలరాతి గని దాటాడు."

అతను ఇంకా తొక్కాడు. వంపు దగ్గర జీపు వెనక చక్రం గులకరాళ్ల మీద జారి మళ్లీ పట్టుకుంది. ఆమె తలుపు కమ్మీ పట్టుకుంది.

కొంత దూరం పోయాక అతనే అన్నాడు. "అమ్మ ఎక్కి ఉండదేమో."

"ఎక్కి ఉంటారు."

"నేను చెప్పాను కదా."

"ఎందుకో చెప్పలేదు కదా" అంది ఆమె.

జడమలుపు కింది కొన దగ్గర జీపు అడ్డంగా పెట్టి దిగారు. రోడ్డు పైకి చూడటానికి ఎప్పటిలాగే ఉంది. నల్లగా, నున్నగా, తెల్ల గీతలతో. అయితే అతను నిన్న తారు పోసిన చోట, ఆ తారు సాగి, జిగురులా పోగులు పోగులుగా తెగి వేలాడుతోంది. దాని నడుమ ఇప్పుడు పిడికిలి పట్టేంత సందు. ఆమె వంగి చూసింది. లోపల చీకటిగా ఉంది. నీళ్లు పారుతున్న చప్పుడు వినబడుతోంది.

అతను జీపు వెనకనుంచి ఎర్రజెండా తీసుకుని చీలిక దాటి పైకి పరుగెత్తాడు. ఆమె పలక వైపు చూసింది. బస్సు చాలా దగ్గరికి వచ్చేసింది. మలుపు వెనక నుంచి ఏ క్షణానైనా కనబడేంత దగ్గర అనుకునేలోపే ఇంజను చప్పుడు వినబడింది.

అతను ఆగిపోయి, కాళ్లు ఎడం చేసి నిలబడి, జెండా ఎత్తాడు. ఎక్కడ నిలబడ్డాడో ఆమె చూసింది. తను తారు పోసిన చోటు దాటి నాలుగు అంగలు వేసి, ఇక గట్టినేల అనుకుని నిలబడ్డాడు. వంపు అక్కడ ఆగలేదు. పొద్దుటినుంచి పాకి, మలుపు చివర ఉన్న తెల్లటి హద్దురాయి దాకా పోయింది. రాయికి ఇవతల నేలంతా జారే ముక్కే. ఆ సంగతి పలకలో ఉంది, పలక తన చేతిలో ఉంది.

"అక్కడ కాదండీ, ఇంకా పైకి. రాయి దాటి పైకి పొండి" అని అరిచింది. గాలి లోయవైపుకి కొడుతోంది. ఆమె గొంతు కూడా అటే పోయింది.

బస్సు మలుపు తిరిగింది. బాబాయి జెండా చూశాడు. ముప్పయ్యేళ్ల అనుభవం, కుదుపు లేకుండా బ్రేకు తొక్కాడు. బండి మెత్తగా, ఎవరి నీళ్ల సీసా ఒలకకుండా, అతనికి బాగా ఎడంగానే ఆగింది. ముందు కిటికీలో అత్తగారి మొహం. కొడుకుని గుర్తుపట్టి, ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపారు. రోడ్డు మీదికి వచ్చి మరీ తనని దింపుకుంటున్నాడనుకున్నట్టున్నారు. లేచి సంచీ అందుకున్నారు.

అతను జెండా దించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆమె పలక చూసింది. ముందు చక్రాల వేగం సున్నా. వెనక చక్రాల వేగం సున్నా. ఎక్కడా వణుకు లేదు. పలక ప్రకారం ఆ బస్సు బండరాయిలా నిలబడి ఉంది.

తల ఎత్తింది. బస్సు ఆగినప్పుడు దాని వెనక, కొండవైపున, ఆ తెల్లటి హద్దురాయి సగం కనబడింది, సగం బస్సు చాటున ఉంది. ఇప్పుడు మొత్తం కనబడుతోంది. రాయికీ బస్సుకీ మధ్య కొండ గోడ కూడా కనబడుతోంది. చూస్తుండగా ఆ గోడ ఇంకాస్త కనబడింది.

చక్రం ముందుకి తిరిగితే చెబుతుంది, వెనక్కి తిరిగితే చెబుతుంది. కింద నేలే పక్కకి పోతుంటే చక్రం ఏం చెబుతుంది?

అతను ఇంకా వంగే ఉన్నాడు, చూడలేదు. బస్సులో జనం లేచి నిలబడుతున్నారు. తలుపు తెరుచుకుంది, అత్తగారి చెప్పు మెట్టు మీద కనబడింది. బాబాయి మాత్రం కదల్లేదు. ఆయన వెన్నుకి ఏదో తెలిసింది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఇంజను ఆపకుండా, ముందు అద్దంలోంచి తిన్నగా చక్రాలమ్మనే చూస్తున్నాడు. వెనక్కి తీసుకోవాలా, చీలిక మీంచి ముందుకి దూకించాలా, అందర్నీ దింపేయాలా, ఆమె ఏ సైగ చేస్తే అదే చేద్దామని.

ఆమె కుడి చెయ్యి పైకి లేచింది.